వద్దనడం రాని సర్వర్

ఈమధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు టెక్‌ఎంపవర్ బెంచ్‌మార్కుల పట్టిక (వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కుల వేగాన్ని పోల్చేది) పంపించి, "అన్నా, మనం వాడే ఫ్రేమ్‌వర్క్ ఎక్కడో అడుగున ఉంది. పైన ఉన్నవాటిలో ఒకదానికి మారిపోతే సెకనుకు లక్షల రిక్వెస్టులు లాగించొచ్చు కదా?" అని అడిగాడు. ఆ పట్టికలో అందరి కళ్ళూ పడేది 'ప్లెయిన్‌టెక్స్ట్' పరీక్ష మీద. బ్రౌజర్ నుంచి రిక్వెస్ట్ రాగానే 'హలో, వరల్డ్' అని తిప్పి పంపడమే అందులో పని. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు, పేమెంట్ గేట్‌వే లేదు. అలాంటి పేజీ మా అప్లికేషన్ మొత్తంలో ఒక్కటి కూడా లేదు. అక్కడే డేటాబేస్‌తో పని ఉన్న 'ఫార్చూన్స్' పరీక్ష కూడా ఉంటుంది. దానికి వచ్చేసరికి అంకెలు బాగా కిందికి దిగుతాయి. దాన్ని మాత్రం ఎవరూ స్క్రీన్‌షాట్ తీసి పంపరు.

అబ్బాయికి అప్పటికి ఏదో చెప్పాను గానీ, ఆ ప్రశ్న వెనకున్న నమ్మకం నన్ను వదల్లేదు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళలో కూడా అదే చూశాను: సర్వర్ ఎన్ని ఎక్కువ రిక్వెస్టులు లోపలికి తీసుకోగలిగితే అంత గొప్పదని. నా అభిప్రాయం దీనికి దాదాపు ఎదురు. ఒకేసారి ఎన్ని పనులు నెత్తిన పెట్టుకోవాలో ముందే తేల్చుకుని, మిగతావాటికి వెంటనే, మర్యాదగా 'ఇప్పుడు కుదరదు' అని చెప్పేదే సమర్థమైన సర్వర్. భాష, ఫ్రేమ్‌వర్క్ ఆ తర్వాతి సంగతి. ఎందుకలా అనుకుంటున్నానో, ఈ వాదన ఎక్కడ నాకే పూర్తిగా మింగుడు పడటం లేదో రాస్తాను.

సీపీయూ ఖాళీ, సైట్ డౌన్

కొన్నేళ్ళ క్రితం ఒక ఫీజుల పోర్టల్ పని చూసేవాళ్ళం. ఆఖరి తేదీ సాయంత్రం సైట్ నిలిచిపోయింది. గ్రాఫులు చూస్తే సీపీయూ పదిహేను శాతం కూడా దాటలేదు. మెమరీ మామూలుగానే ఉంది. "సర్వర్ ఖాళీగానే ఉందండీ, నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది" అని ఇన్‌ఫ్రా వాళ్ళు. నెట్‌వర్క్ వాళ్ళు ఇంకొకరి పేరు చెప్పారు. థ్రెడ్ డంప్ (సర్వర్‌లో ఏ పని ఎక్కడ ఆగి ఉందో చూపే జాబితా) తీస్తే విషయం బయటపడింది. మా జావా సర్వర్ టామ్‌క్యాట్ డిఫాల్టుగా ఇచ్చే 200 థ్రెడ్లలో (ఒక్కోటి ఒక్కో రిక్వెస్ట్ పని చూసే పనివాడి లాంటిది) దాదాపు అన్నీ ఒకే లైన్ దగ్గర ఆగి ఉన్నాయి, డేటాబేస్ కనెక్షన్ కోసం. పూల్‌లో (ముందే తెరిచి, వంతులవారీగా వాడుకునే డేటాబేస్ కనెక్షన్ల నిల్వలో) ఉన్న 20 కనెక్షన్లూ ఎవరి చేతిలో ఉన్నాయంటే, ఎస్సెమ్మెస్ గేట్‌వే (మెసేజ్‌లు పంపే బయటి సర్వీస్) జవాబు కోసం కూర్చున్న 20 థ్రెడ్ల చేతిలో.

కోడ్‌లో వరస ఇది: ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరిగేలా, లేకపోతే ఏదీ జరగనట్టు ఉండే పనుల కట్ట) మొదలుపెట్టు, ఫీజు రికార్డు రాయి, కాలేజీకి చేరిన ఫీజుల మొత్తాన్ని అప్‌డేట్ చెయ్యి, విద్యార్థికి ఎస్సెమ్మెస్ పంపు, కమిట్ చెయ్యి, అంటే అంతా ఖాయం చెయ్యి. మామూలు రోజుల్లో గేట్‌వే 200 మిల్లీసెకన్లలో జవాబిచ్చేది. ఒక్కో రిక్వెస్ట్ కనెక్షన్‌ని అంతసేపు పట్టుకుంటే 20 కనెక్షన్లతో సెకనుకు 100 రిక్వెస్టులు నడుస్తాయి. ఆ సాయంత్రం గేట్‌వే రెండు సెకన్లు తీసుకోవడం మొదలుపెట్టింది. అంటే అవే 20 కనెక్షన్లతో సెకనుకు 10. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం చెప్పేది ఇంతే: లోపల ఉన్నవాటి సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కొక్కటి లోపల గడిపే సమయంతో గుణిస్తే వస్తుంది. ఇంతకీ డేటాబేస్ చేసే అసలు పని ఐదు మిల్లీసెకన్లు. కనెక్షన్‌ని ఆ కాస్తసేపే పట్టుకుంటే కాగితం మీద సెకనుకు 4,000 వరకూ లెక్క తేలుతుంది. ఎస్సెమ్మెస్ పంపే లైన్ కమిట్‌కి పైన ఉందా, కింద ఉందా అన్న ఒక్కదాని మీద 10 నుంచి 4,000 వరకూ తేడా.

అయితే ఆ రాత్రి మొదట జరిగింది వేరు. పూల్ చాలడం లేదు కాబట్టి 20ని 200 చేద్దామన్నారు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్ల పరిమితి డిఫాల్టుగా 100 కాబట్టి అదీ పెంచారు. పది నిమిషాలు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఇంకా ఘోరమైంది. పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ నడుపుతుంది, కాబట్టి మెషీన్ మీద బరువూ పెరిగింది. పైగా ఎస్సెమ్మెస్ కోసం ఊరికే కూర్చున్న ప్రతి ట్రాన్సాక్షనూ కాలేజీ ఫీజుల మొత్తం ఉన్న రికార్డు మీద లాక్ (ఇంకెవరూ మార్చకుండా వేసే తాళం) పట్టుకునే కూర్చుంది. అదే కాలేజీ నుంచి వచ్చే మిగతా పిల్లలందరూ ఆ లాక్ కోసం. అంతకుముందు పూల్ దగ్గర కళ్ళెదుట కనిపించిన ఎదురుచూపు ఇప్పుడు డేటాబేస్ కడుపులోకి వెళ్ళింది. అదే డేటాబేస్ వాడుకునే రిపోర్టుల సిస్టమ్, దీనితో ఏ సంబంధమూ లేనిది, అదీ పడుకుంది.

చివరికి పూల్ మళ్ళీ 20కి తగ్గించి, ఎస్సెమ్మెస్‌ని ట్రాన్సాక్షన్ నుంచి బయటికి తీశారు. పంపాల్సిన మెసేజ్‌ని ఒక టేబుల్‌లో రాసి కమిట్ చేయడం, వేరే వర్కర్ తీరిగ్గా దాన్ని పంపడం. కొత్త మెషీన్ కొనలేదు, కొత్త భాష నేర్చుకోలేదు. మెసేజ్ నలభై సెకన్లు ఆలస్యంగా వచ్చిందని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్ళకి ఒక మాట. 'ఓపెన్ ఇన్ వ్యూ' అనే సెట్టింగ్ డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది. రిక్వెస్ట్ మొదట్లో ఒక్క క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) చేసినా, జవాబు మొత్తం తయారయ్యేదాకా కనెక్షన్ చేతిలోనే ఉండిపోయే అవకాశం ఎక్కువ. ఆ సంగతి అప్లికేషన్ లేచిన ప్రతిసారీ లాగ్‌లో హెచ్చరికగా వస్తుంది. దాన్ని చదివినవాళ్ళని నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను.

ఎనభై రెండో సెకను

డిఫాల్టుల గురించి ఇంకొంచెం. టామ్‌క్యాట్ 8,192 కనెక్షన్లు తీసుకుంటుంది. పనిచేసే థ్రెడ్లు 200. మిగతావి లోపల క్యూలో ఉంటాయి. మీ అప్లికేషన్ నికరంగా సెకనుకు 100 రిక్వెస్టులు పూర్తిచేస్తుందనుకోండి. క్యూ నిండినప్పుడు చివర్లో ఉన్నవాడి వంతు వచ్చేది దాదాపు 82వ సెకనులో. దాని ముందు నిలబడి రిక్వెస్టులు అందుకుని లోపలికి అందించే ఎన్‌జిన్ఎక్స్ సర్వర్ మాత్రం డిఫాల్టుగా 60 సెకన్లు చూసి, 504 (జవాబు సమయానికి రాలేదన్న ఎర్రర్) ఇచ్చి తలుపు మూసేస్తుంది. అంటే 60 నుంచి 82వ సెకను దాకా టామ్‌క్యాట్ చచ్చిపోయిన రిక్వెస్టుల కోసం కష్టపడుతూ ఉంటుంది. డేటాబేస్ క్వెరీలు నిజమే, సీపీయూ నిజమే, పుచ్చుకునేవాడే లేడు.

మనుషులు 60 సెకన్లు కూడా ఆగరు. ఐదో సెకనుకో ఆరో సెకనుకో రిఫ్రెష్ కొడతారు. ఎన్‌జిన్ఎక్స్ లాగ్‌లో 499 అని పడుతుంది, అవతలివాడు వెళ్ళిపోయాడని దానర్థం. కానీ వెనకున్న థ్రెడ్‌కి ఆ కబురు అందదు. పాత రిక్వెస్ట్ క్యూలో అలాగే ఉంటుంది, కొత్తది దాని వెనక నిలబడుతుంది. మా ఊళ్ళో బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్ అబ్బాయి ఫలితాల రోజున ఒకే హాల్‌టికెట్ నంబరుతో ఐదు ట్యాబులు తెరిచి, వరసగా ఎఫ్5 నొక్కుతూ పోతాడు. "ఏదో ఒకటి తగులుతుందండీ" అంటాడు. అతని వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. దీనికి మనం రాసే రీట్రైలు తోడవుతాయి. యాప్ మూడుసార్లు, గేట్‌వే మూడుసార్లు, లోపలి సర్వీస్ మూడుసార్లు ప్రయత్నిస్తే, కష్టాల్లో ఉన్న డేటాబేస్‌కి ఒక్క బటన్ నొక్కుడు 27 కాల్స్‌గా చేరుతుంది.

అందుకే క్యూ పొడవుకి ఒక హద్దు ఉండాలంటాను. మనిషి ఐదు సెకన్లు ఆగుతాడు, సెకనుకు 100 పూర్తిచేయగలం అంటే, 500 దాటి క్యూలో పెట్టిన ప్రతిదీ వ్యర్థమే. 501వ వాడికి అప్పుడే 503 ('ఇప్పుడు కుదరదు' అన్న కోడ్) ఇచ్చి, ఎంతసేపటికి మళ్ళీ రావాలో రీట్రై-ఆఫ్టర్‌లో చెప్పి పంపేయాలి. ఆ జవాబుకి డేటాబేస్ అక్కర్లేదు, మిల్లీసెకనులో అయిపోతుంది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో జరిగేది ఇదే. బంగారు వాకిలి దగ్గర ఎంతమంది పడతారో ఆ లెక్కన కంపార్ట్‌మెంట్ల నుంచి వదులుతారు, టైమ్ స్లాట్ టోకెన్ చేతిలో ఉన్నవాడు ఆ వేళకే వస్తాడు. వచ్చినవాళ్ళందరినీ ఒక్కసారిగా లోపలికి వదిలితే దర్శనం త్వరగా అయిపోతుందని అక్కడ ఎవరూ అనుకోరు.

అభ్యంతరాలు, వాటికి నా సమాధానాలు

ఈ మాట ఎక్కడ అన్నా మొదట వచ్చేది ఆటోస్కేలింగ్. లోడ్ పెరిగితే మెషీన్లు వాటంతట అవే పెరుగుతాయి కదా అని. రోజంతా నెమ్మదిగా పెరిగే లోడ్‌కి అది బాగానే పనిచేస్తుంది. ఉదయం 10కి ఏసీ తత్కాల్, 11కి నాన్ ఏసీ తత్కాల్ తెరుచుకునే రకం లోడ్ వేరు. అది సెకన్లలో విరుచుకుపడుతుంది. కొత్త మెషీన్ లేచి, జేవీఎం (జావా ప్రోగ్రాములని నడిపే ఇంజిన్) వేడెక్కేసరికి ఆట అయిపోతుంది. పైగా అప్లికేషన్ సర్వర్లు పెరిగినంత తేలిగ్గా డేటాబేస్ పెరగదు. జావాలో కనెక్షన్ల పూల్ నడిపే హికారీ డిఫాల్టు 10. నాలుగు సర్వర్లు నలభై అయితే 400 కనెక్షన్లు ఒకే డేటాబేస్ తలుపు తడతాయి. అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ మధ్యలో పీజీబౌన్సర్ లాంటిది పెడతాం. పెట్టాలి కూడా. కానీ అది చేసేది సరిగ్గా నేను చెబుతున్న పనే: కొద్దిమందిని లోపలికి వదిలి మిగతావాళ్ళని బయట ఆపడం.

రెండోది అసింక్, అంటే జవాబు వచ్చేదాకా థ్రెడ్‌ని ఊరికే కూర్చోబెట్టకుండా వేరే పని చేయించడం. ఈ వాదనకి నేను చాలావరకు తలవంచుతాను. 1999లో ఇంజినీర్ డాన్ కెగెల్, ఒకే సర్వర్ పదివేల కనెక్షన్లని ఎలా తట్టుకోవాలన్న సమస్య గురించి రాసినప్పటి నుంచి, 2004లో ఎన్‌జిన్ఎక్స్, 2009లో నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో ఈ పద్ధతిలో నడిపేది) వచ్చేదాకా జరిగిన ప్రయాణం అందరికీ తెలిసిందే. చాట్, లైవ్ స్కోర్లు, పది సర్వీసులని పిలిచి జవాబులు కలిపి ఇచ్చే గేట్‌వే, వీటిల్లో ఎదురుచూపే అసలు పని. అక్కడ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో థ్రెడ్‌ని కాపలా పెట్టడం దండగ. 2023లో జేడీకే 21 (జావా 21)తో వర్చువల్ థ్రెడ్లు, అంటే లక్షల్లో పెట్టుకోగలిగే చవక థ్రెడ్లు, వచ్చాక పాత పద్ధతిలో రాసిన కోడే లక్ష ఎదురుచూపులని తట్టుకుంటోంది. రియాక్టివ్ (అసింక్ పద్ధతిలో రాసిన) కోడ్‌లో స్టాక్ ట్రేస్ (తప్పు ఎక్కడ జరిగిందో చూపే జాబితా) చదవలేక రాత్రిళ్ళు జుట్టు పీక్కున్నవాళ్ళకి అది వరమే.

కానీ ఇక్కడో మెలిక ఉంది. ఆ పాత 200 థ్రెడ్ల హద్దు, ఎవరూ అనుకుని పెట్టకపోయినా, డేటాబేస్‌కి ఒక గేటులా పనిచేసేది. వర్చువల్ థ్రెడ్లతో ఆ గేటు తీసేశాం. ఇప్పుడు పదివేల రిక్వెస్టులు హాయిగా లోపలికొచ్చి, 10 కనెక్షన్ల పూల్ ముందు నిలబడతాయి. హికారీ డిఫాల్టుగా 30 సెకన్లు చూసి ఒక్కొక్కదానికీ ఎర్రర్ ఇస్తుంది. ఈలోగా ఆ పదివేల మంది డేటా మెమరీలో కూర్చుంటుంది. థ్రెడ్లు చవకైనకొద్దీ సెమఫోర్ (ఒకేసారి ఇంతమందే అని లెక్కపెట్టి వదిలే గేటు) అవసరం పెరుగుతుంది. వర్చువల్ థ్రెడ్లు డిజైన్ చేసినవాళ్ళే, హద్దు కావాలంటే థ్రెడ్ పూల్‌తో కాక సెమఫోర్‌తో పెట్టుకోమని రాశారు. ఆ పేరా దాకా చదివే ఓపిక మన స్ప్రింట్ ప్లానింగుల్లో ఉండదు.

మూడోది బిజినెస్ వాళ్ళ మాట: "కస్టమర్‌ని మనమే వెనక్కి పంపుతామా?" సమావేశంలో ఇది చాలా గట్టిగా వినిపిస్తుంది, సాంకేతికంగా ఎదురు చెప్పేవాడు చెడ్డవాడవుతాడు. నేనడిగేది ఒక్కటే. ఇప్పుడు మాత్రం వెనక్కి పంపడం లేదా? అరవై సెకన్లు కూర్చోబెట్టి, డబ్బు తెగిందో లేదో చెప్పకుండా, తెల్ల పేజీ చూపించి పంపుతున్నాం. అందులోనూ పేమెంట్ మధ్యలో ఉన్నవాడికీ ఊరికే హోమ్ పేజీ చూడ్డానికి వచ్చినవాడికీ తేడా లేకుండా. హద్దు మన చేతుల్లో ఉంటే ముందు హోమ్ పేజీ వాడిని ఆపి, పేమెంట్‌లో ఉన్నవాడిని దాటించొచ్చు. ప్రతి పేమెంట్‌కీ ఒక ప్రత్యేకమైన కీ ఇచ్చి, రెండోసారి అదే కీ వస్తే పాత జవాబే తిప్పి ఇస్తే, కంగారుపడి మళ్ళీ నొక్కినవాడికి రెండుసార్లు డబ్బు తెగదు.

అసలు హద్దు ఎంత ఉండాలన్నది మాత్రం నాకు తేలని చిక్కే. లోడ్ టెస్ట్ చేసి ఒక అంకె పెడతాం. ఆరునెలల్లో కోడ్ మారుతుంది, క్వెరీలు మారతాయి, అంకె అలాగే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 2018లో బయటపెట్టిన లైబ్రరీ లాంటివి, టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతి) రద్దీని పసిగట్టినట్టుగా లేటెన్సీని (జవాబుకి పట్టే సమయాన్ని) చూస్తూ హద్దుని తమంతట తామే మార్చుకుంటాయి. ఆలోచన బాగుంది. అయినా రాత్రి రెండింటికి ఫోన్ మోగితే, 'ఈ క్షణాన హద్దు ఎంత, ఎందుకంత' అన్నది చెప్పలేని సిస్టమ్ కంటే, కాన్ఫిగ్‌లో ఒక అంకె, పక్కన 'ఫలానా టెస్ట్‌లో ఇక్కడ లాక్‌లు మొదలయ్యాయి' అన్న కామెంట్ ఉన్నదే నాకు ఇష్టం. పాతకాలపు మనిషినని అనుకున్నా ఫర్వాలేదు. ఆ అంకెని అంచుదాకా మాత్రం పెట్టొద్దు. రిక్వెస్టులు సమానమైన ఎడంతో రావు. ఒకే సర్వర్ ఉన్న సాదా క్యూ లెక్కలో, అది 80 శాతం బిజీగా ఉంటే ఖాళీ రోజుతో పోలిస్తే ఐదు రెట్ల సమయం పడుతుంది, 90 దగ్గర పది రెట్లు, 95 దగ్గర ఇరవై రెట్లు.

అసలు రాకుండా పోయే రిక్వెస్ట్

ఇంటర్ ఫలితాల సంగతి తీసుకోండి. ఆ రోజు మధ్యాహ్నానికి డేటా మొత్తం ఖరారైపోయి ఉంటుంది, సాయంత్రం దాకా ఒక్క మార్కు కూడా మారదు. హాల్‌టికెట్ నంబరు ఇస్తే అదే జవాబు, వెయ్యిసార్లు అడిగినా. పది లక్షల మందికి తలా రెండు కిలోబైట్ల ఫైలు ముందే తయారుచేసి పెడితే మొత్తం రెండు గిగాబైట్లు. నా ఫోన్‌లో ఫ్యామిలీ గ్రూపు గుడ్ మార్నింగ్ వీడియోలే అంతకంటే ఎక్కువ ఉంటాయి. ఆ ఫలితాల ఫైళ్ళని సీడీఎన్‌లో (చాలాచోట్ల ఉన్న సర్వర్ల నుంచి ఫైళ్ళు అందించే నెట్‌వర్క్‌లో) పెడితే డేటాబేస్‌తో పనే లేదు. హాల్‌టికెట్ నంబరుతో పాటు పుట్టిన తేదీ కూడా సరిచూడాలంటే, రెండూ కలిపి హ్యాష్ చేసి (తిరిగి విప్పలేని కోడ్‌గా మార్చి) దాన్నే ఫైలు పేరుగా పెట్టొచ్చు. ఇంత తేలిక సమస్యకి కూడా ప్రతి క్లిక్‌కీ ఒక సెలెక్ట్ క్వెరీ రాసే అలవాటు మనది.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ ఫలితాలు ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ సేవలో కూడా ఇచ్చారు. చాలామంది దాన్ని సౌకర్యం కోసమే అనుకున్నారు. నాకు మాత్రం అందులో రిక్వెస్ట్ స్వభావమే మారిపోవడం కనిపించింది. వెబ్ పేజీలో తెల్ల తెరవైపు చూస్తూ కూర్చున్నవాడు రిఫ్రెష్ కొడతాడు. మెసేజ్ పంపినవాడు టిక్ పడిందో లేదో చూసి ఫోన్ పక్కన పెట్టి, అమ్మతో మాట్లాడతాడు. జవాబు ఇరవై సెకన్లు ఆలస్యమైనా ఐదు ట్యాబులు తెరవడు. సర్వర్ తన వేగంతో తాను ఒక్కొక్కటీ తీసి పంపుకోవచ్చు. మన అప్లికేషన్లలో రిపోర్టులు, ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లు, బల్క్ అప్‌లోడ్లు, ఇవన్నీ ఇలాగే 202 ('అందింది, పని ఇంకా అవ్వాలి' అన్న కోడ్) ఇచ్చి, 'తయారవుతోంది, చెబుతాం' అనదగ్గవి. బ్రౌజర్ తిరుగుతూ ఉండగానే ఇవ్వాల్సిన అవసరం ఉన్నవి నిజానికి చాలా తక్కువ.

వద్దంటే ఎవరిని?

నా వాదనలో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఇది. వద్దనడం సరే, ఎవరిని? సమర్థత ఒక్కటే చూస్తే, క్యూ నిండినప్పుడు చివర వచ్చినవాడికే ముందు పనిచేయడం మంచిది. ముందు వచ్చినవాడు ఈపాటికి విసిగి వెళ్ళిపోయుంటాడు కాబట్టి. ఫేస్‌బుక్ ఇంజినీర్ ఒకరు 2015లో సరిగ్గా ఇదే రాశారు: మామూలప్పుడు వచ్చిన వరసలో, రద్దీ పెరిగితే తిరగేసిన వరసలో. ఫ్రెండ్ ఫొటో తెరవడానికి అది చక్కగా సరిపోతుంది. రైలు టికెట్‌కో దర్శనం టికెట్‌కో అలా చేస్తే జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

పోనీ ముందొచ్చినవాడికే అన్నా, ఆ 'ముందు' ఎవరిది? ఫైబర్ కనెక్షన్ ఉన్న ఏజెంటు స్క్రిప్టు పది గంటల సున్నా సెకనుకే ఉంటుంది. రెండు గీతల సిగ్నల్‌తో పాత ఫోన్‌లో ఓటీపీ కోసం చూసే పెద్దాయన ముప్పయ్యో సెకనుకి వస్తాడు. నా 503 పడేది ఆయనకే. నేను ఎంత గొప్పగా క్యూ కట్టినా, వేగం ఉన్నవాడి వైపే అది మొగ్గుతుంది. వెయిటింగ్ రూమ్ పెట్టి, తెరవకముందే వచ్చినవాళ్ళందరికీ యాదృచ్ఛికంగా నంబర్లు ఇస్తే కొంత నయం. అక్కడ కూడా ఒక్కడే వంద ట్యాబులతో వస్తే వంద నంబర్లు. లాగిన్ అయ్యాకే నంబరు ఇస్తామంటే, లాగిన్, ఓటీపీల మీదకి ఆ రద్దీ మారుతుంది.

ఈ చిక్కుకి నేను చూసినవాటిలో బాగున్న జవాబు ఏ ఫ్రేమ్‌వర్క్ డాక్యుమెంటేషన్‌లోనూ లేదు. సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి ఆర్జిత సేవలకి టీటీడీ నడిపే ఎలక్ట్రానిక్ డిప్ అది. నమోదుకి ఒకటి రెండు రోజుల గడువు ఇస్తారు. ఎప్పుడు వచ్చినా ఒకటే విలువ కాబట్టి ఎవరూ పది గంటల సున్నా సెకనుకి ఎగబడక్కర్లేదు. గడువయ్యాక డ్రా తీసి, అందులో పేరు వచ్చినవాళ్ళకి డబ్బు కట్టమని కబురు పంపుతారు. ఇందులో సర్వర్ చేసే పని చాలా మామూలుది, రికార్డు రాసుకోవడం. పాత ఫోన్ పెద్దాయనకీ, స్క్రిప్టు రాసిన ఏజెంటుకీ అవకాశం సమానం, ఒక్కో ఆధార్‌కి ఒక్కటే నమోదు అని కట్టడి చేస్తే చాలు. అన్నిటికీ ఇది కుదరదని తెలుసు. తత్కాల్‌లో రేపు ఊరెళ్ళాల్సినవాడు డ్రా కోసం రెండు రోజులు ఆగలేడు. అయినా కనీసం గంటసేపు నమోదు, ఆ తర్వాత డ్రా అనొచ్చు కదా అనిపిస్తుంది. అప్పుడు రైల్వే వాళ్ళ సర్వర్లకి పది గంటల గండం ఉండదు, పది నుంచి పదకొండు దాకా సాదాసీదా ఇన్సర్టులే (డేటాబేస్‌లో రికార్డు రాసుకోవడాలే). దీనికి ఏజెంట్ల నుంచి అభ్యంతరం వస్తుందని ఊహించగలను. ఇంజినీర్ల నుంచి ఏ అభ్యంతరం వస్తుందో ఎవరైనా కామెంట్లలో చెబితే, ఈసారి మా కుర్రాడితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.